బోన్సాయ్ కుండీ మార్చే అదును వస్తోంది, కానీ అన్ని చెట్లకూ కాదు

సంపాదకులకు నమస్కారం.

మృగశిర కార్తె దగ్గర పడుతోందంటే పత్రికల్లో విత్తనాల గురించి, ఎరువుల గురించి, చేపల గురించి వార్తలు మొదలవుతాయి. డాబాల మీద బోన్సాయ్ పెంచుకునేవాళ్లకు కూడా ఏడాదిలో ఇంతకు మించిన అదును లేదు. ఆ సంగతి చెప్పేవాళ్లు మాత్రం తక్కువ. గృహప్రవేశానికో పుట్టినరోజుకో కానుకగా వచ్చిన జువ్వి, మర్రి, జేడ్ మొక్కలు మొదటి ఏడాది కళకళలాడతాయి, రెండో ఏడాది ఆకు చిన్నబోతుంది, మూడో ఏడాదికి చెత్తబండి ఎక్కుతాయి. నీళ్లు పోయడం మరిచిపోయి చంపుకునేవాళ్లు ఉన్నారు, కాదనను. కానీ ప్రేమగా రోజూ నీళ్లు పోస్తున్నవాళ్ల చెట్లు కూడా పోతున్నాయంటే కారణం కుండీలోపల ఉంది. కుండీ అసలు మార్చకపోవడం, లేదా మార్చకూడని నెలలో మార్చడం. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగైనా పూర్తిగా వేయమని కోరుతున్నాను.

కుండీ మార్చడం అంటే చెట్టును బయటికి తీసి, కొంత వేరు కోసి, కొత్త మట్టితో మళ్లీ నాటడం. ముందు ఒక అపోహ. వేళ్లు కత్తిరించేది చెట్టును మరుగుజ్జుగా ఉంచడానికి అని చాలామంది అనుకుంటారు, పాపం చెట్టును హింసిస్తున్నామని బాధపడతారు కూడా. నిజానికి అది చెట్టును బతికించే పని. నేలలో ఉన్న చెట్టు వేరుకొసలు ఎప్పటికప్పుడు కొత్త మట్టిలోకి పాకుతుంటాయి. నీటినీ పోషకాలనీ ఎక్కువగా పీల్చేది ఆ కొసల దగ్గరి లేత పీచువేళ్లే. ముదిరి బెరడు కట్టిన వేరు చెట్టును నిలబెడుతుంది, పీల్చేది తక్కువ. కుండీలో ఆ కొసలు గోడకు తగిలి చుట్టూ తిరుగుతాయి. రెండు మూడేళ్లకు కుండీ అంతా ముదురు వేళ్లతో బిగిసిపోతుంది, కొత్త కొస పుట్టడానికి చోటుండదు. ఈలోగా మట్టిలోని ఎరువు కుళ్లి మెత్తని బురదై గాలి సందుల్ని మూసేస్తుంది. వేరుకు నీళ్లెంత అవసరమో గాలీ అంతే అవసరం. పాత వేరును కోసి కొత్త మట్టి ఇస్తే కోసినచోటి వెనక నుంచి కుచ్చులు కుచ్చులుగా లేత వేళ్లు వస్తాయి. వాషింగ్టన్‌లోని జాతీయ బోన్సాయ్ మ్యూజియంలో ఒక జపాన్ తెల్ల పైన్ ఉంది. 1625 నుంచి కుండీలో పెరుగుతోంది. 1945లో హిరోషిమా మీద బాంబు పడ్డప్పుడు కూడా బతికి బయటపడింది. 1976లో జపాన్ నుంచి అమెరికాకు కానుకగా వెళ్లింది. నాలుగు వందల ఏళ్లు ఒక చెట్టు పళ్లెమంత కుండీలో బతికిందంటే తరతరాలుగా ఎవరో ఒకరు వేళకు దాని మట్టి మార్చబట్టే.

ఇక వేళ సంగతి. ఇంటర్నెట్‌లో దొరికే వీడియోల్లో దాదాపు అన్నీ ఒకే మాట చెబుతాయి: చలికాలం చివర్లో, మొగ్గ ఉబ్బి ఇంకా విచ్చుకోకముందు మార్చాలి అని. అది తప్పు మాట కాదు, చలి దేశాల ఊళ్లకు సరైన మాట. 1923 భూకంపం తర్వాత టోక్యో నుంచి తరలి వెళ్లిన పెంపకందారులు 1925లో స్థాపించుకున్న జపాన్‌లోని ఒమియా బోన్సాయ్ గ్రామాన్నే చూడండి, అక్కడ పెరిగేవి ఎక్కువగా పైన్లు, మేపుల్స్ లాంటి చలి ప్రాంతపు చెట్లు. అవి చలికాలంలో నిద్రపోతాయి. మొగ్గ మేల్కొనే వేళకే వేరూ మేల్కొంటుంది. అక్కడ మార్చి దాటాక వచ్చేది చల్లని వసంతం. మనకు మార్చి దాటితే ఏమొస్తుందో వేరే చెప్పాలా! మన మర్రి, రావి, జువ్వి, మేడి నిద్రపోయే చెట్లు కావు. వాటి వేరు వేడిని బట్టీ తేమను బట్టీ పెరుగుతుంది. వేరు కోశాక గాయం మాని కొత్త పీచు రావడానికి వేడి కావాలి, అది వచ్చేదాకా ఆకు ఎండిపోకుండా గాలిలో తేమ ఉండాలి. మార్చిలో వేడి ఉంటుంది, తేమ ఉండదు. డిసెంబరులో హైదరాబాద్ చలికి వేరు కదలదు. రోళ్లు పగిలే రోహిణి కార్తె సంగతి సరేసరి. రెండూ కలిసొచ్చేది తొలకరి పడ్డాకే. నేల చల్లబడి రెండు మూడు మంచి వానలు కురిశాక, అంటే జూన్ మధ్య నుంచి ఆగస్టు దాకా, మర్రి జాతి చెట్లకు అసలైన కాలం. క్యాలెండరులో జూన్ వచ్చిందని కాదు, వాన వచ్చాకనే. కొన్ని ఏళ్లు తొలకరి పేరుకు నాలుగు చినుకులు రాల్చి మళ్లీ పది రోజులు మండిస్తుంది. అలాంటప్పుడు ఆరుద్ర దాకా ఆగడమే మేలు.

నెల్లూరు, తిరుపతి వైపు లెక్క వేరు. అక్కడ ఎక్కువ వాన ఈశాన్య రుతుపవనాలది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. జూన్‌లో అక్కడ ఇంకా వేసవే. ఆ ప్రాంతం వాళ్లు ఆగస్టు చివర, సెప్టెంబరులో పెట్టుకుంటే నయం. మిగతా చోట్ల సెప్టెంబరు దాటాక వేళ్ల జోలికి పోకపోవడం మంచిది, చలి మొదలయ్యేలోగా కొత్త వేరు స్థిరపడాలి కదా.

మర్రి జాతిని వదిలితే ఒక్కో చెట్టుదీ ఒక్కో తీరు. చింత తొలకరికి బాగా ఒప్పుకుంటుంది. మార్చిన వారంలో ఆకంతా రాల్చేసి గుండె గుభేలుమనిపిస్తుంది, రెండు మూడు వారాల్లో మళ్లీ చిగురిస్తుంది. కాగితంపూల చెట్టుకు వేసవి పూత అయిపోయాక చేయాలి. దాని వేళ్లు పెళుసు, పట్టుకుంటే విరుగుతాయి. కాబట్టి పావువంతుకు మించి కోయకూడదు, మట్టి పూర్తిగా దులపకూడదు. దానిమ్మ చలికి కాస్త ఆకు రాల్చి జనవరి చివర, ఫిబ్రవరిలో మొగ్గ కడుతుంది. దానికి అదే సమయం. ఎడారి గులాబీ అని పిలిచే అడీనియంకు వానాకాలం పూర్తిగా నిషిద్ధం. కోసిన వేరు తడి మట్టిలో పడితే వారం తిరిగేసరికి దుంప మెత్తబడుతుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో తీసి, వేరు కోసి, నాలుగైదు రోజులు నీడలో గాయం ఎండనిచ్చి, పొడి మట్టిలో నాటి, మరో వారం దాకా చుక్క నీరు పోయకూడదు. జేడ్ కూడా ఇంచుమించు అంతే, రెండు మూడు రోజులు ఆరబెడితే చాలు. చలి ప్రాంతపు చెట్టయిన జునిపర్ మన కోస్తాలో అంత సుఖంగా ఉండదు. ఉన్నవాళ్లు జనవరి చివర, ఫిబ్రవరిలో మార్చాలి. అదీ మట్టి మొత్తం కడిగేయకుండా, ఈసారి ఒక సగం, రెండేళ్లు పోయాక రెండో సగం. వేళ్లు బోడి చేసిన జునిపర్ నెల రోజులు పచ్చగానే కనిపిస్తుంది. అప్పటికే చచ్చి ఉంటుంది, ఆకుకు ఆ కబురు ఆలస్యంగా అందుతుంది.

అసలు మీ చెట్టుకు ఈ ఏడాది మార్చాలా వద్దా? ఎదిగే వయసులో ఉన్న జువ్వి, మర్రికి ఏడాదికో రెండేళ్లకో, చింతకు రెండు మూడేళ్లకు, జునిపర్‌కు మూడు నాలుగేళ్లకు అవసరం పడుతుంది. ముసలి చెట్టుకు ఇంకా ఆలస్యంగా. కానీ ఈ అంకెల్ని చూసి కత్తెర పట్టుకోవద్దు. నీళ్లు పోసినప్పుడు మట్టి మీద నిమిషం దాటి నిలబడుతోందా? వెదురు పుల్ల గుచ్చితే దిగడం లేదా? అడుగు రంధ్రాల్లోంచి వేళ్లు బయటికొచ్చాయా? చెట్టు కుండీ అంచు కన్నా పైకి లేచినట్టుందా? వీటిలో రెండు మూడు కనిపిస్తే గోడ వెంబడి పాత కత్తి తిప్పి, వేరుగడ్డను మెల్లగా పైకి లేపి చూడండి. చుట్టూ వేళ్లే తప్ప మట్టి కనబడకపోతే వేళైంది. మట్టి కనబడుతూ, తెల్లని వేరుకొసలు అక్కడక్కడా తొంగిచూస్తుంటే అలాగే దించేయండి, మరో ఏడాది ఆగొచ్చు. ఈ లేపి చూడటం అర నిమిషం పని, చెట్టుకు ఏమీ కాదు.

కొన్న వారంలోనే కుండీ మార్చడం కొత్తవాళ్లు చేసే మొదటి పొరపాటు. నర్సరీ నీడలోంచి మీ డాబా ఎండకు వచ్చిన చెట్టు ముందు ఆ మార్పుకే అలవాటు పడాలి. నెల రోజులైనా ఆగాలి. ఒక్కటి మాత్రం ఇంటికి తెచ్చిన రోజే చేయొచ్చు: పైన జిగురుతో అంటించిన రంగురాళ్లు ఉంటే స్క్రూడ్రైవరుతో పెళ్లగించి తీసేయండి. ఆ రాతిపొర కింద మట్టి తడిగా ఉందో పొడిగా ఉందో తెలియదు, నీళ్లు లోపలికి దిగవు. ఇంకో పొరపాటు, చెట్టు నీరసంగా ఉందని బలానికి కుండీ మార్చడం. నీరసపడిన చెట్టుకు వేరు కోత అంటే జ్వరంలో ఉన్నవాడికి ఆపరేషన్ చేసినట్టే. వేరు కుళ్లు పట్టిందని తెలిసినప్పుడు మాత్రమే అందుకు మినహాయింపు. వేళ్లు నల్లబడి, లాగితే తొడుగు ఊడి, మురుగువాసన వస్తే అది కుళ్లు. అప్పుడు నెల చూడక్కర్లేదు, వెంటనే తీసి కుళ్లిన మేరకు కోసేయాలి.

మట్టి గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ చెట్లు పోయేది ఇక్కడే. కడియం వైపు నుంచి లారీల్లో వచ్చే నర్సరీ మొక్కల మట్టి బరువుగా, జిగటగా ఉంటుంది. ప్రయాణంలో వేరు ఎండకుండా ఉండటానికి అది మంచిదే. లోతైన కుండీలో కూడా నడుస్తుంది. రెండంగుళాల లోతు పళ్లెంలో మాత్రం ప్రాణం తీస్తుంది. ఎందుకో ఇంట్లో గిన్నెలు తోమే స్పాంజితో తెలుసుకోవచ్చు. కొత్త స్పాంజిని నీళ్లలో ముంచి, పిండకుండా పడుకోబెట్టినట్టు అరచేతి మీద పట్టుకోండి. కాసేపు కారి ఆగిపోతుంది. ఇక కారదు అనుకున్నాక దాన్ని నిలువుగా తిప్పండి. మళ్లీ బొటబొటా కారుతుంది. స్పాంజి అదే, నీళ్లవే, ఎత్తు మాత్రం మారింది. ఏ మట్టిలోనైనా అడుగున కొంత మందాన నీళ్లు దిగకుండా నిలిచిపోతాయి. ఆ మందం మట్టి రేణువు సైజును బట్టి ఉంటుందే తప్ప కుండీ లోతును బట్టి కాదు. లోతు కుండీలో ఆ తడిపొర అడుగున ఓ మూల, వేళ్లు పైన హాయిగా ఉంటాయి. పళ్లెంలో ఆ తడిపొరే సగం కుండీ. దాన్ని పల్చన చేయాలంటే రేణువు పెద్దది కావాలి, ధూళి ఉండకూడదు. అడుగున కంకర, కుండపెంకులు పరిస్తే నీళ్లు బాగా దిగుతాయన్న నమ్మకం కూడా ఇక్కడే వీగిపోతుంది. కంకర పరిచినందువల్ల ఆ తడిపొర కంకర మీదికి, అంటే వేళ్లకు ఇంకా దగ్గరికి జరుగుతుంది. కుండీ మొత్తం ఒకే మిశ్రమం నింపడమే సరైన పద్ధతి.

జపాన్‌లో ఇందుకు అకడామా అనే కాల్చని మట్టి గుళికలు వాడతారు. ఇక్కడ దిగుమతి సరుకు, ధర ఎక్కువ. మనకు ఇటుక చాలు. బాగా కాలిన కొత్త ఇటుక తీసుకుని, దుమ్ము లేవకుండా తడిపి, గోనెసంచిలో చుట్టి సుత్తితో కొట్టాలి. గోధుమగింజ కన్నా చిన్నదీ శనగగింజ కన్నా పెద్దదీ పనికిరావు. దోమతెర లాంటి సన్నజల్లెడతో పొడి తీసేసి, పెద్దవాటిని మళ్లీ కొట్టాలి. సరిగా కాలని ఇటుక ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి వేళ్ల మధ్య నలిపితే పేస్టు అవుతుంది, దాన్ని వదిలేయండి. పడగొట్టిన గోడ ఇటుకలు వద్దు, సిమెంటు, సున్నం అంటుకుని ఉంటాయి. అడుగు పొడవు, తొమ్మిది అంగుళాల వెడల్పు, రెండున్నర అంగుళాల లోతు కుండీకి మూడు లీటర్ల మిశ్రమం సరిపోతుంది. లీటరున్నర ఇటుక ముక్కలు, ముప్పావు లీటరు కడిగి జల్లించిన దొడ్డ ఇసుక, ముప్పావు లీటరు బాగా మాగి జల్లించిన వర్మీకంపోస్టో ఆకుల ఎరువో, పైన ఒక గుప్పెడు వేపపిండి. రోబో ఇసుకలో రాతిపొడి ఎక్కువ, వాడక తప్పకపోతే నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. సముద్రపు ఇసుక వద్దే వద్దు. వాన జోరుగా పడే కోస్తాలో ఎరువు పాలు సగం తగ్గించి ఆ మేరకు ఇటుక పెంచుకోవాలి. అడీనియం, జేడ్‌కు ఎరువు పదోవంతు చాలు. కొబ్బరిపొట్టు తేలికగా దొరుకుతోంది కదా అని దానితో నింపేస్తే ఎండాకాలం బాగానే ఉంటుంది, నాలుగు రోజుల ముసురు పట్టగానే వేరు కుళ్లుతుంది.

మార్చే పని మొదలుపెట్టే ముందు అన్నీ చేతికందేలా పెట్టుకోండి. పీచువేళ్లు గాలికి నిమిషాల్లో ఎండిపోతాయి, చెట్టు బయటికి తీశాక జల్లెడ కోసం వెతుక్కునే పని ఉండకూడదు. సాయంత్రమో మబ్బు పట్టిన రోజో, నీడలో చేయాలి. ముందురోజు నీళ్లు ఆపేస్తే మట్టి ముద్దకాకుండా, దుమ్ము రేగకుండా చెమ్మగా ఉంటుంది. పాత కుండీనే కడిగి మళ్లీ వాడొచ్చు. ప్రతిసారీ పెద్ద కుండీకి మార్చనక్కర్లేదు, వేళ్లు లేని మట్టి ఎక్కువైతే అక్కడ నీళ్లు నిలిచి పులుస్తాయి. అడుగు రంధ్రాల మీద ప్లాస్టిక్ జాలీ ముక్క పెట్టి, కదలకుండా తీగతో కింద మెలిపెట్టాలి. రెండు మిల్లీమీటర్ల అల్యూమినియం తీగను కింద నుంచి రంధ్రాల గుండా పైకి తెచ్చి, రెండు కొసలూ గోడల మీదుగా వేలాడదీసి ఉంచాలి. చెట్టును కట్టడానికి ఇది. అడుగున వేలిమందం మిశ్రమం పోసి మధ్యలో చిన్న గుట్టలా చేయాలి.

చెట్టును తీసేటప్పుడు కాండం పట్టుకుని లాగకూడదు. ఇంతకుముందు కట్టిన తీగ ఇంకా మిగిలి ఉంటే, ముందు దాన్ని కుండీ అడుగున కత్తిరించాలి. దాన్ని మరిచి లాగితే వేరు చీలిపోతుంది. గోడ వెంబడి కత్తి తిప్పి, కుండీని పక్కకు వంచి వేరుగడ్డను జార్చాలి. తర్వాత వెదురు పుల్లతోనో కొస వంచిన ఫోర్కుతోనో అంచుల నుంచి బయటికి దువ్వాలి. చిక్కుపడ్డ జుట్టు దువ్వినట్టే, కొసల దగ్గర మొదలుపెట్టి లోపలికి వెళ్లాలి. చుట్టలు చుట్టుకున్న వేళ్లు విడిపోయి గడ్డంలా వేలాడతాయి. మొదటిసారి చేసేవాళ్లు మూడోవంతుకు మించి కోయొద్దు. జువ్వి సగం కోసినా తట్టుకుంటుంది కానీ చేయి తిరిగేదాకా ఆ సాహసం వద్దు. ఏవి కోయాలన్నది ఎంత కోయాలన్నదాని కన్నా ముఖ్యం. కిందికి దిగే లావు తల్లివేరును, ఒకదాని మీద ఒకటి ఎక్కినవాటిని, చుట్టు తిరిగినవాటిని తీసేయాలి. కాండం నుంచి నలువైపులా అడ్డంగా పరుచుకునే వేళ్లనూ పీచునూ వీలైనంత ఉంచాలి. రేపు చెట్టుకు అందమిచ్చేవీ, ప్రాణం నిలిపేవీ అవే. కత్తెర పదునుగా ఉండాలి, స్పిరిట్‌తో తుడవాలి. మొద్దు కత్తెర వేరును నలిపేస్తుంది, నలిగినచోటే కుళ్లు మొదలవుతుంది. కోసిన ముఖం కిందికి చూసేలా కోయండి. మర్రి జాతికి పాలు కారుతాయి, నీళ్లు చిలకరిస్తే ఆగుతాయి, కంగారు వద్దు. మధ్యమధ్య వేళ్ల మీద నీళ్లు చల్లుతూ, ఆపినప్పుడల్లా తడిగుడ్డ కప్పుతూ, మొత్తం అరగంటలో ముగించాలి.

వేళ్లు దువ్వేటప్పుడు రెండు రకాల ముడులు కనబడొచ్చు. సరుగుడు వేళ్లకు పగడాల్లా గుత్తులు గుత్తులుగా బుడిపెలు ఉంటే అవి రోగం కాదు. గాలిలోని నత్రజనిని చెట్టుకు అందించే సూక్ష్మజీవుల ఇళ్లవి, అలాగే ఉంచాలి, కాస్త పాత మట్టి కూడా ఉంచాలి. దానిమ్మ లాంటివాటి వేళ్లలో దారానికి పూసలు గుచ్చినట్టు వేరు తానే ఉబ్బిపోయి ఉంటే అది నులిపురుగు. ఆ వేళ్లు కోసి, పాత మట్టి మొత్తం పారేసి, కుండీని వేడినీళ్లతో కడగాలి. ఆ మట్టిని వేరే కుండీలో పోస్తే రోగాన్ని పంచినట్టే.

చెట్టును గుట్ట మీద పెట్టి, కొంచెం అటూ ఇటూ తిప్పుతూ నొక్కితే అడుగు వేళ్ల మధ్య ఖాళీ నిండుతుంది. వేరు మొదలు కుండీ అంచుకు సమానంగానో ఒక పిసరు పైనో ఉండాలి. ఇక తీగలు. వేరుగడ్డ మీదుగా అడ్డంగా తెచ్చి, పట్టకారుతో మెలిపెట్టాలి. కాండం పట్టి మెల్లగా ఊపితే చెట్టుతోపాటు కుండీ కూడా కదలాలి. చెట్టు ఒక్కటే కదిలితే ఇంకా వదులుగా ఉన్నట్టు. కొత్తవాళ్లలో నూటికి తొంభైమంది ఈ కట్టడాన్ని వదిలేస్తారనడం అతిశయోక్తి కాదేమో. తొలకరి గాలికి చెట్టు ఊగినప్పుడల్లా అప్పుడే పుట్టిన లేత వేరు పుటుక్కున తెగుతుంది. పైకి ఏమీ కనిపించదు, చెట్టు మాత్రం నెలలు గడిచినా కదలదు. తీగ బెరడును కోస్తుందనిపిస్తే మధ్యలో రబ్బరు ముక్క పెట్టండి.

మిగతా మిశ్రమం పోసి, వెదురు పుల్లను వేళ్ల మధ్య గుచ్చి చిన్న సున్నాలు చుడుతూ ఉంటే మట్టి లోపలికి జారుతుంది. పుల్ల ఉన్నట్టుండి లోతుకు దిగిపోతే అక్కడ ఖాళీ ఉన్నట్టు, ఇంకొంచెం పోయాలి. బొటనవేళ్లతో అదమకూడదు, ఇటుక ముక్కల మధ్య గాలిని మనమే పిండేసినట్టవుతుంది. అంచుకు అర సెంటీమీటరు కింద ఆపాలి, లేకపోతే పోసిన నీళ్లు బయటికి పొర్లుతాయి. సన్నని రంధ్రాల క్యానుతో నీళ్లు పోస్తే మొదట అడుగు నుంచి ఎర్రనీళ్లు వస్తాయి. ఆపొద్దు. తేటనీళ్లు వచ్చేదాకా పోయాలి, ఆ ఎరుపే సందుల్ని మూసే ధూళి.

ఆ తర్వాత రెండు మూడు వారాలు వెలుతురున్న నీడ, గాలి తగలని చోటు. యాభై శాతం షేడ్ నెట్ కింద పెట్టినా సరే. ఏసీ గదిలోకి తీసుకెళ్లడం కన్నా పెద్ద పొరపాటు లేదు, అక్కడ గాలి పొడిగా ఉంటుంది, వెలుతురూ ఉండదు. మర్రి జాతికి పెద్ద ఆకులు మూడోవంతు తుంచేస్తే వేళ్ల మీద భారం తగ్గుతుంది. జునిపర్‌కు ఆకు ముట్టుకోవద్దు. ఎరువు నాలుగు నుంచి ఆరు వారాల దాకా వేయకూడదు, కోసిన వేరు ఎరువులోని ఉప్పు తగిలి మాడిపోతుంది. నీళ్లు రోజువారీ లెక్కన కాదు. వెదురు పుల్ల ఒకటి మట్టిలో గుచ్చి ఉంచి, పొద్దున్నే తీసి చెంపకు ఆనించండి. చల్లగా, నల్లగా ఉంటే నీళ్లు అక్కర్లేదు. ఆకులు రాలడం మొదలవగానే దాహమేమో అని రెండింతలు పోసేవాళ్లే ఎక్కువ. ఆకు లేని చెట్టు తాగేది తక్కువ, కాబట్టి అప్పుడు తగ్గించాలి. బతికుందో లేదో అనుమానంగా ఉంటే కొమ్మ మీద గోటితో చిన్న గీత గీయండి, లోపల పచ్చగా ఉంటే ఓపిక పట్టండి. వేళ్లు వచ్చాయేమో చూద్దామని పైకి లేపొద్దు. చిగురు వేలంత సాగాక ఉదయపు నీరెండలోకి, ఆపై రెండు వారాలకు మామూలు చోటికి. కట్టిన తీగలు మూడు నాలుగు నెలలకు తీసేయాలి, లేకపోతే వేళ్లలోకి దిగబడతాయి.

వానాకాలంలో ముసురు పట్టి మూడు నాలుగు రోజులు ఆగకుండా కురుస్తుంటే కుండీకి ఒకవైపు కింద రెండంగుళాల చెక్క పెట్టి వాల్చండి. స్పాంజిని నిలువుగా తిప్పినట్టే, మట్టి ఎత్తు పెరిగి నిలిచిన నీరు పల్లపు రంధ్రంలోంచి దిగిపోతుంది. వాన వెలిశాక చెక్క తీసేయండి. కుండీ కింద నీళ్లు నిలిచే సాసర్లు ఈ నెలల్లో అసలు వద్దు.

విదేశాల్లో ఉండే మనవాళ్లు కూడా ఇలాంటివి ఇంట్లో పెంచుతుంటారు. చలి దేశాల్లో కిటికీ పక్కన బతికే జువ్వికి కూడా జూన్, జులై నెలలే మేలు. అక్కడ వాన కోసం కాదు, పొడుగు పగళ్లు, వెచ్చదనం కోసం. ఆరుబయట ఉండే జునిపర్, మేపుల్‌కు మాత్రం వీడియోల్లో చెప్పే చలికాలం చివరి రోజులే సరైనవి.

మీ పత్రిక జిల్లా సంచికల్లో తోటపని శీర్షిక వేసేటప్పుడు బోన్సాయ్‌కి 'ఫిబ్రవరి, మార్చి' అని ఒకే మాట రాయకుండా, ఏ చెట్టుకు ఏ కార్తెలో అన్నది వేరుగా రాయించమని మనవి. నెల్లూరు, తిరుపతి పాఠకుల కోసం ఇవే సూచనలను ఆగస్టు మూడో వారంలో మరోసారి వేస్తే, ఆ వైపు చెట్లకు సమయానికి అందుతాయి.

ఇట్లు,
ఒక బోన్సాయ్ పెంపకందారు,
హైదరాబాద్